ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఎందుకు దొరుకుతుంది?

బోయిన్‌పల్లిలో ఫ్లాట్ చూశామని చెప్పండి, ఇంట్లో పెద్దవాళ్లు ముందు అడిగేది ఇదే: "ఈసీ తీశారా?" ఆ ఆస్తి మీద ఇప్పటిదాకా రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం అది. ఆన్‌లైన్‌లో వెతికితే 1983 నుంచే వస్తుంది. ఎందుకు 1983?

కాస్త వెనక్కి వెళ్దాం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సులు ఉంటాయి. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో దాంట్లో ఆస్తుల వివరాలు. అన్నీ చేతిరాతే. ఈసీ కావాలంటే గుమాస్తా ఏడాదికేడాది పుస్తకాలు తిరగేయాలి, రోజులు పట్టేది. కానీ ఒక మంచి కూడా ఉంది. పుస్తకం ఒకరి టేబుల్ మీదుంటే రెండోవాళ్లు ఆగాల్సిందే. ఒకే పేజీలో ఇద్దరు ఒకేసారి రాయలేరు కదా!

1998 నవంబర్ 4న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' ప్రాజెక్ట్ మొదలైంది. ముందుండి నడిపించింది ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. 214 ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు, వెనకటి 15 ఏళ్ల ఇండెక్స్ డేటా ఎక్కించారు. 1998లోంచి 15 తీసేయండి, జవాబు దొరికింది.

ఇప్పుడు అసలు చిక్కు. పుస్తకం పోయింది, ఒకే రికార్డు నాలుగు కౌంటర్ల ముందుకొచ్చింది. అప్పట్లో చిన్న ఆఫీసుల్లో ఈజీ దారి ఏంటంటే, ఫాక్స్‌ప్రోలోనో యాక్సెస్‌లోనో ఫైల్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేయడం. అందులో ప్రతి పీసీ నేరుగా ఫైల్‌నే తెరిచి రాస్తుంది. రాస్తుండగా కేబుల్ ఊడితే ఫైల్ పాడైపోవచ్చు. లాకింగ్ సరిగ్గా పెట్టకపోతే ఇంకా ఘోరం: ఇద్దరూ ఒకే రికార్డు తెరుస్తారు, ఒకరు తాకట్టు ఎక్కిస్తారు, ఇంకొకరు పాత కాపీ మీద అడ్రస్ సరిచేసి సేవ్ కొడతారు. తాకట్టు మాయం! ఈసీ క్లీన్‌గా వస్తుంది, కొన్నవాళ్ల జీవితకాలం పొదుపు గల్లంతు.

కార్డ్ క్లయింట్-సర్వర్ పద్ధతిలో కట్టింది అందుకే సరైన నిర్ణయం అంటాను. ఫైల్‌ని ముట్టుకునేది సర్వర్ ఒక్కటే, పీసీలు అడుగుతాయంతే. మార్పు పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. ఈ ట్రాన్సాక్షన్ల మీద పనిచేసిన జిమ్ గ్రేకి ట్యూరింగ్ అవార్డు వచ్చింది కూడా 1998కే, భలే కలిసింది.

ఈసీ నిమిషాల్లోకి వచ్చింది. అయితే లంచాలు పోలేదని జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. నిజమే, డేటాబేస్ లాక్ ఇద్దరు గుమాస్తాలను ఆపుతుంది కానీ, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మేవాణ్ని ఆపదు.

మీ షాపులో మూడు పీసీలకు యాక్సెస్ పెడుతున్నారా? టేబుల్స్ ఉన్న ఫైల్ ఒక్కటే షేర్‌లో పెట్టండి. ఫారాల ఫైల్ ప్రతి పీసీకి విడిగా కాపీ చేయండి. రికార్డ్ లాకింగ్ ఆన్ చేయండి, వైఫై మీద మాత్రం నడపొద్దు. మనుషులు పెరిగితే డేటాను పోస్ట్‌గ్రెస్‌కు మార్చేయండి, ఫారాలు అలాగే వాడుకోవచ్చు.