హిస్టెరా అంటే సంచీయేనా?

నరసాపురంలో లేసు అల్లుకుంటూ నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే, "మా వదినకి సంచీ తీసేశారండీ" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. డాక్టర్లు ఆ ఆపరేషన్‌ని హిస్టరెక్టమీ అంటారు. అందులోని 'హిస్టెరా' గ్రీకు మాట, గర్భసంచి అని అర్థం.

గ్రీకులో అది స్త్రీలింగం. మన తెలుగులో కన్నయినా కాలయినా గర్భసంచి అయినా అన్నీ అమహత్తులే. తమాషా ఏమిటంటే, పాత గ్రీకు వైద్యులు దాన్ని తరచు బహువచనంలో 'హిస్టెరై' అని రాశారు. ఒక్క మనిషికి ఎన్ని ఉంటాయనుకున్నారో! ప్లేటోగారయితే 'తిమాయస్'లో అదొక ప్రాణి అనీ, బిడ్డ కావాలన్న కోరిక తీరకపోతే ఒళ్ళంతా తిరిగి జబ్బులు తెస్తుందనీ రాశాడు. గర్భసంచి జంతువేమీ కాదని క్రీ.శ. 2వ శతాబ్దంలో సొరానస్ అనే వైద్యుడు చెప్పాడు గాని, విన్నవాళ్ళు తక్కువ. ఆ మాటలోంచే హిస్టీరియా వచ్చింది. ఆడది సోషొచ్చి పడినా హిస్టీరియాయే, గట్టిగా ఏడ్చినా హిస్టీరియాయే. అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పట్టికలోంచి ఆ పేరు కొట్టేసింది 1980లో, అంత ఆలస్యంగా!

మన 'సంచీ'లో ఆ నింద లేదు, నిజమే. కానీ సంచీ అన్నాక ఖాళీ అయితే పారెయ్యాలనిపిస్తుంది చూడండి! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అన్ని రాష్ట్రాల్లోకీ మనమే ముందు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా?" అంటారు. అండాశయాలు ఉంచినా కొందరికి వాటి పని తొందరగా ఆగిపోతుందన్న సంగతి ఆ పూట ఎవరూ ఎత్తరు.