ఆహార రుగ్మతలు - మాధ్యమాల బాధ్యత, ప్రభుత్వ చట్టాలు

ఆహార రుగ్మతలు అనగా తిండి, బరువు, శరీరాకృతులను గురించిన చింత మనిషిని పూర్తిగా ఆక్రమించి, ఆహారపు అలవాట్లను ప్రమాదకరంగా మార్చివేసే మానసిక వ్యాధులు. బరువు పెరుగుతామనే భయంతో ఆహారాన్ని అతిగా తగ్గించివేయడం అనొరెక్సియా. అదుపు లేకుండా తిని, ఆపై బలవంతంగా వాంతి చేసుకోవడం వంటివి బులీమియా లక్షణాలు. మానసిక వ్యాధులలో మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. వంశపారంపర్యం, వ్యక్తి స్వభావం, కుటుంబ పరిస్థితులతో పాటు, సన్నదనమే అందమని చాటే మాధ్యమాల ప్రభావం కూడా ఈ వ్యాధులకు దోహదం చేస్తుంది.

ఫిజీ పరిశీలన

ఫిజీ దీవులలో పుష్టిగల శరీరాన్ని మెచ్చుకోవడం సంప్రదాయం. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ ప్రసారాలు వచ్చాయి. అమెరికా పరిశోధకురాలు యాన్ బెకర్ బృందం 1995లోను, 1998లోను అక్కడి పాఠశాల బాలికలను సర్వే చేసింది. రుగ్మత సూచనలు ఎక్కువగా ఉన్నవారు 12.7 శాతం నుండి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవారు మొదటి సర్వేలో ఒక్కరూ లేరు, రెండవదానిలో 11.3 శాతం ఉన్నారు. రెండు సర్వేలలో కలిపి పాల్గొన్నది 128 మందే కనుక, దీనిని బట్టి టెలివిజన్ ఒక్కటే కారణమని నిర్ధారించలేము.

చట్టాలు

శరీర ద్రవ్యరాశి సూచిక అనగా కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ ప్రదర్శన నిర్వాహకులు ఈ సూచిక 18 కంటే తక్కువ ఉన్న మోడళ్ళను నిరాకరించారు.

* ఇజ్రాయెల్: 2012లో చేసిన చట్టం ప్రకారం మోడళ్ళకు ఈ సూచిక కనీసం 18.5 ఉండాలి. సన్నగా కనిపించేటట్లు మార్చిన చిత్రాలపై ఆ సంగతి ప్రకటించాలి.
* ఫ్రాన్స్: 2017 నుండి మోడళ్ళకు వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, 75,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు. శరీరాకృతిని మార్చిన వాణిజ్య చిత్రాలపై "సవరించిన చిత్రం" అని ముద్రించాలి.
* నార్వే: 2022 జూలై నుండి సామాజిక మాధ్యమాలలోని వ్యాపార ప్రకటనలకు కూడా ఇటువంటి ముద్రను తప్పనిసరి చేసింది.
* బ్రిటన్: 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం ప్రకారం, ఆహార రుగ్మతలను ప్రోత్సహించే విషయాలు పిల్లలకు చేరకుండా చూడవలసిన బాధ్యత వెబ్ సంస్థలదే.

పరిమితులు

సవరించిన చిత్రమని తెలిసినంత మాత్రాన చూసేవారిలో తమ శరీరంపై అసంతృప్తి తగ్గడం లేదని పలు ప్రయోగాలలో తేలింది. బరువు సాధారణంగా ఉన్నవారికి కూడా బులీమియా రావచ్చు గనుక, సూచిక ఒక్కటే వ్యాధిని పట్టి ఇవ్వదు. ఈ నియమాలు ముఖ్యంగా మోడళ్ళ ఆరోగ్యానికి రక్షణ కల్పిస్తాయి. పాఠకులకు, ప్రేక్షకులకు మేలు జరగాలంటే మాధ్యమాలు అన్ని రకాల శరీరాకృతులను చూపడం, వ్యాధిని తొలిదశలోనే గుర్తించి చికిత్స అందించడం కూడా అవసరం.