భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ

భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ (ఐఐటీటీఎం) కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ పరిధిలోని స్వయంప్రతిపత్తి గల విద్యాసంస్థ. 1983లో న్యూఢిల్లీలో ఏర్పడి, 1992లో మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్‌కు తరలింది. భువనేశ్వర్, నోయిడా, నెల్లూరు, గోవాలలోనూ ప్రాంగణాలున్నాయి. 1990లో స్థాపించిన జాతీయ జలక్రీడల సంస్థ 2004లో ఇందులో విలీనమైంది.

అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయంతో కలిసి ఐఐటీటీఎం బీబీఏ, ఎంబీఏ కోర్సులు నడిపింది. ప్రవేశ పరీక్ష, బృంద చర్చ, ముఖాముఖి ద్వారా విద్యార్థులను ఎంపిక చేసేవారు. పర్యటనల ప్రణాళిక, టికెటింగ్, మార్కెటింగ్, ఆతిథ్యం, గమ్యస్థానాల నిర్వహణ ప్రధాన పాఠ్యాంశాలు. తరగతి బోధనతో పాటు ట్రావెల్ ఏజెన్సీలలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. జలక్రీడల సంస్థ ఉన్న గోవా ప్రాంగణంలో పవర్‌బోట్ నడపడం, నీట మునిగేవారిని ఒడ్డుకు చేర్చి ప్రథమ చికిత్స చేయడం నేర్పుతారు. ప్రాంతీయ స్థాయి పర్యాటక గైడ్లకు కూడా ఈ సంస్థ శిక్షణనిచ్చింది.