దారిలో దెబ్బతిన్న బిడ్డ – పరిహారధర్మము

మన గ్రామములలో బాటవెంట పోవు బిడ్డను మోటారుబండి కొట్టినప్పుడు, ఆసుపత్రికి కొనిపోవుటతోపాటు మఱియొక పని కూడ జరుగుచుండును. బండి యజమాని తరఫువారును, బిడ్డ తండ్రియు పెద్దమనుష్యుల యెదుటికి వత్తురు. ఇంత సొమ్మని తేలును. తండ్రి వ్రేలిముద్ర వేయును. తగవు తీఱినదందురు. పెద్దలు సదుద్దేశముతోనే ఇట్లు చేయుదురు. కాని ఆ సొమ్ము ఎవరిది? దెబ్బ ఎవరికి తగిలినదో వారిదే గదా! ఆ బిడ్డ తన పక్షమున తాను మాటాడలేడు. పదియేండ్ల పిమ్మట తన కాలు ఎట్లుండునో ఎఱుగడు. ఈ చిక్కును ధర్మశాస్త్రములును, న్యాయస్థానములును ఎట్లు విప్పుకొనుచు వచ్చినవో నేడు మనవి చేసెదను.

బండ్ల ప్రమాదములను గూర్చిన విచారణ మన దేశమునకు క్రొత్త గాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో దీనికి ప్రత్యేకముగా కొన్ని శ్లోకములు గలవు. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, తొలగుడని తోలువాడు ముందుగా కేక వేసినను దండనము లేదు. తోలువాని నేర్పులేమిచే హాని కలిగినచో యజమానికి రెండువందల పణముల దండుగ. తోలువాడు నేర్పరియైనచో దండుగ వానిదే. నేర్పు లేనివానికి పగ్గములిచ్చినవాడే బాధ్యుడను ఈ సూత్రము నేటి న్యాయమునకు దూరమైనది కాదు. తోలువాడు బాలుడైనచో బండిలోనున్న యజమానిని దండింపవలెనని కౌటల్యుని అర్థశాస్త్రము విధించినది. అయితే ఈ దండుగ రాజునకు చెల్లునది. గాయపడినవానికి ముట్టునది చికిత్సవ్యయము. పరుని గాయపఱచినవాడు ఆ వ్యయమును ఇచ్చుకొనవలెనని మనువును, యాజ్ఞవల్క్యుడును చెప్పిరి. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో కేతన మహాకవి విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించుటచే ఈ వ్యవహారధర్మము తెలుగువారికి తమ భాషలోనే లభించినది. గాయము మానువఱకు అగు వెచ్చము ఆనాటి కొలత. మానని గాయముతో బ్రతుకంతయు గడపవలసిన బిడ్డకు ఆ కొలత చాలదు.

తరువాత మన న్యాయస్థానములు ఇంగ్లండు న్యాయమును అనుసరించినవి గావున అచటి కథ కొంత తెలిసికొనవలెను. 1841లో అచటి న్యాయస్థానమున ఒక వ్యవహారము తేలినది. ఒకడు గుఱ్ఱపుబండిని వీధిలో కాపు లేక విడిచిపోయెను. ఏడేండ్లు నిండని బాలుడొకడు దానిపై కెక్కెను. వేఱొక పిల్లవాడు గుఱ్ఱమును నడిపించెను. బాలుడు పడి చక్రముక్రింద కాలు విఱుగగొట్టుకొనెను. అనుమతి లేక ఎక్కినవానికి పరిహారమేమని యజమాని వాదించెను. పిల్లలు ఆడుకొను వీధిలో బండిని అట్లు విడుచుటయే తప్పనియు, బాలునికి పెద్దల వివేకముండునని ఆశింపరాదనియు ప్రధానన్యాయాధిపతి డెన్మన్ ప్రభువు తీర్పుచేసెను.

కాని 1858లో మఱియొక తీర్పు దీనికి ఎదురుగా నడచినది. అవ్వ వెంట రైలుపట్టాలు దాటుచున్న అయిదేండ్ల బిడ్డకు బండి తగిలినది. అవ్వ మరణించెను, బిడ్డ గాయములతో బ్రతికెను. అవ్వయందును అజాగ్రత్త కలదు గావున బిడ్డకు పరిహారము లేదని న్యాయస్థానము చెప్పినది. పెద్దల తప్పు పిల్లలకు అంటునని దీని తాత్పర్యము. ఇట్టి సిద్ధాంతమునకు మూలమైన భావమును 1888లో ప్రభువులసభ ఒక నౌకల వ్యవహారమున త్రోసిపుచ్చినది. పిమ్మట తాత చేయి పట్టుకొని వీధి దాటుచు మోటారుబస్సు తగిలిన బిడ్డ విషయమున, తాత అజాగ్రత్త బిడ్డ హక్కును చెఱుపదని స్పష్టముగా తేలినది. ఆ తీర్పు 1933 నాటి నివేదికలలో ప్రకటితమైనది. బిడ్డ హక్కు బిడ్డదేయని ఒప్పుకొనుటకు ఇంతకాలము పట్టినది.

ఇక మన దేశమునందు 1855లో వెలువడిన ప్రాణాంతక ప్రమాదముల శాసనము, మరణించినవాని కుటుంబమునకు దావాహక్కు నిచ్చినది. గాయపడి బ్రతికిన బిడ్డకు మాత్రము సామాన్య సివిలు న్యాయస్థానమే శరణ్యము. కోర్టురుసుము కట్టవలెను, తోలువాని తప్పు రుజువు చేయవలెను, డిక్రీ వచ్చిన పిమ్మట యజమానియొద్ద ఆస్తి యుండవలెను. ఈ మూడింట ఏది తప్పినను బిడ్డ చేతికి పైసా రాదు. 1939 నాటి మోటారుబండ్ల శాసనము ఈ కడపటి చిక్కును తీర్చినది. దాని ప్రకారము 1946 జూలై 1 నుండి, దారిని పోవు ఇతరులకు కలుగు హానికై ప్రతి బండికి భీమా ఉండవలెనను నియమము అమలునకు వచ్చినది. 1956 సవరణచే పరిహార ట్రిబ్యునళ్ల స్థాపనకు వీలు కలిగినది. తప్పు రుజువు కాకున్నను కొంత సొమ్ము ముట్టవలెనను నియమము 1982లో వచ్చినది. శాశ్వతముగా అంగవైకల్యము పొందినవారికి అప్పుడు నిర్ణయించిన మొత్తము 7,500 రూపాయలు. అది 1988 శాసనముచే 12,000, 1994లో 25,000 అయినది. 2019 సవరణలోని క్రొత్త విధానము 2022 ఏప్రిల్ 1 నుండి అమలగుటతో, తీవ్రగాయమునకు తప్పు రుజువు లేకయే రెండున్నర లక్షలు కోరవచ్చునని ఏర్పడినది. కొట్టి పాఱిపోయిన బండి జాడ తెలియనప్పుడు తీవ్రగాయమునకు 50,000 రూపాయలిచ్చు పథకమును ఆనాటినుండియే అమలుచేసిరి.

అయినను ముఖ్యమైన ప్రశ్న మిగిలియున్నది. సంపాదన లేని బిడ్డకు నష్టమును దేనితో కొలువవలెను? 1994లో చేర్చిన పట్టిక, సంపాదన లేనివారికి ఏటికి 15,000 రూపాయల ఊహాదాయమును నిర్ణయించినది. దానిని పట్టుకొని లెక్కించుటచే పిల్లలకు స్వల్పమొత్తములే దక్కుచుండెను. 2013లో సుప్రీముకోర్టు, కర్ణాటకమునకు చెందిన పండ్రెండేండ్ల బాలుని వ్యవహారమున, ఈ పద్ధతి పిల్లలకు తగదని చెప్పినది. బాధకును, కోల్పోయిన ఆటపాటలకును, మున్ముందు కలుగు అసౌకర్యములకును గాను, చికిత్స ఖర్చులు గాక, వైకల్యము నూటికి పదివఱకు ఉన్నచో ఒక లక్ష, ముప్పదివఱకు మూడు లక్షలు, అఱువదివఱకు నాలుగు, తొంబదివఱకు అయిదు, ఆపైన ఆరు లక్షలు అని సామాన్యమైన కొలత చూపినది.

2020లో మఱియొక తీర్పు వెలువడినది. 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టరుపై పోవుచు లారీ తగిలి, మెదడు చెడి, పూర్తిగా పరాధీనయైన పండ్రెండేండ్ల బాలిక వ్యవహారమది. ట్రిబ్యునలు సుమారు పదకొండు లక్షలిచ్చినది. హైకోర్టు దానిని ఇరువదియైదు లక్షలు దాటించినది. సుప్రీముకోర్టు 62,27,000 రూపాయలు నిర్ణయించినది. అందు పరిచారకులకే 21,60,000. ఇద్దఱు పరిచారకులకు నెలకు అయిదేసి వేల చొప్పున, 18 ఏండ్ల గుణకముతో వేసిన లెక్క అది. తల్లి చేయు సేవ కూడ వెలగలదేయని, ఆ తల్లి ఎల్లకాలము ఉండదని ఆ లెక్క గుర్తించినది. ఆ బాలికను చావడికి తెచ్చియుండినచో ఎంతకు తేలియుండెడిదో తమరే యోచింపవచ్చును.

కావున పెద్దలకు నా విన్నపము. గాయము మానకముందే రాజీ మాట తలపెట్టకుడు. న్యాయస్థానపు అనుమతి లేక వ్యాజ్యములో మైనరు పక్షమున చేసిన రాజీ, మైనరు ఇచ్ఛచే కొట్టువడునదని సివిలు వ్యవహారసంహిత చెప్పుచున్నది. ముందుగా పోలీసుఠాణాలో ఫిర్యాదు వ్రాయింపుడు. బండి సంఖ్యను, ఆసుపత్రి చీట్లను భద్రపఱపుడు. వైద్యునిచే వైకల్యపు ధ్రువపత్రము తీసికొనుడు. 2019 సవరణ ఆరుమాసముల గడువును విధించినది గావున ఆలసింపక ట్రిబ్యునలు నాశ్రయింపుడు. వచ్చిన సొమ్మును బిడ్డ పేర బ్యాంకులో, యుక్తవయస్సు వచ్చువఱకు దీర్ఘకాలపు డిపాజిటుగా నిలువయుంచవలెననియు, ఖర్చులకు కొంత తీసికొనుటకు అనుమతి పొందవచ్చుననియు సుప్రీముకోర్టు 1993లోనే మార్గము చూపినది. తండ్రి అప్పు తీర్చుటకుగాని, అక్క పెండ్లికిగాని అది ఉద్దేశింపబడినది కాదు.

తగవు తీర్చుట పెద్దఱికమునకు శోభ. నోరులేని బిడ్డ పాలిటి సొమ్మును ఆ బిడ్డ పెద్దయగువఱకు కాపాడుట అంతకంటె గొప్ప పెద్దఱికము.