రూమీ టోపీ: పాలమూరు సంస్థానాల సీమలో దాని చరిత్ర

గొర్రె ఉన్నిని తడి, వేడి, ఒత్తిడులతో అదిమి గట్టిపరచగా వచ్చే ఫెల్టు అనే దళసరి వస్త్రంతో తయారై, చుట్టూ అంచు లేకుండా, కింది నుంచి పైకి కొద్దిగా సన్నబడుతూ, చదునైన నడినెత్తి నుంచి నల్లని పట్టు కుచ్చు వేలాడే ముదురు ఎరుపు శిరోవేష్టనమే రూమీ టోపీ. దీనికి తుర్కీ టోపీ, కుచ్చుటోపీ, ఫెజ్ అనే పేర్లు కూడా ఉన్నాయి. ఒట్టోమన్ తుర్కుల రాజ్యాన్ని ఉర్దూ, ఫారసీ భాషల్లో రూమ్ అని వ్యవహరించినందువల్ల ఆ దేశపు టోపీ రూమీ టోపీ అయింది. హైదరాబాదు రాజ్యంలో పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల నుంచి 1948 వరకు ఇది షేర్వానీతో జతగా ఉద్యోగుల, వకీళ్ల, విద్యార్థుల వేషంలో భాగంగా ఉండేది. నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలుగా ఉన్న పాలమూరు సీమ నుంచి చదువుకో, కొలువుకో రాజధానికి చేరినవారు అడుగుపెట్టింది ఈ వేషం చెల్లుబాటైన లోకంలోకే. దీన్ని ఒక మతానికి గుర్తుగా చూడటం తరవాతి కాలపు అలవాటు. హైదరాబాదు రాజ్యంలో దీన్ని హిందువులు, ముస్లింలు ఇరువురూ ధరించారు గనుక, దీన్ని మొదట కొలువు దుస్తుగానే అర్థం చేసుకోవాలి.

ప్రభువుల కొలువు కోసం పరదేశపు టోపీని తలకెత్తుకోవడం తెలుగువారికి నిజాముల కాలంలో కొత్తగా వచ్చిన ఆచారం కాదు. విజయనగర రాజుల కొలువులో కుళ్లాయి అనే పొడవైన శంఖాకారపు బట్ట టోపీ ఉండేది. పారసీక దేశపు కులా అనే టోపీ నుంచి వచ్చిన ఈ కుళ్లాయిని శ్రీనాథుడు కర్ణాట రాజసభకు వెళ్లినప్పుడు ధరించవలసివచ్చిందని ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటువు చెబుతుంది. తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహం తలపైనా, లేపాక్షి వీరభద్రాలయపు పదహారో శతాబ్ది చిత్రాలలోని మనుషుల తలలపైనా కనిపించేది ఈ కుళ్లాయే. కృష్ణా తుంగభద్రల నడుమ ఉండి నడిగడ్డగా పేరుపొందిన గద్వాల, అలంపురం ప్రాంతం, విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ తరతరాలుగా పోరాడిన రాయచూరు అంతర్వేదికి తూర్పు కొస. యుద్ధం చేసిన రెండు పక్షాల దర్బారు దుస్తులూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయన్న సంగతి ఈ సీమ చరిత్ర చదివేవారు మరువరానిది. రూమీ టోపీ కథకు అదే సరైన నేపథ్యం.

ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మహమూద్ 1826లో జానిసరీలనే పాత సైన్యాన్ని రద్దుచేసి కొత్త సైన్యానికి ఫెజ్ తొడిగించాడు; 1829లో పౌర ఉద్యోగులందరికీ దాన్నే నిర్ణయిస్తూ, తలపాగాను మతాచార్యులకు పరిమితం చేశాడు. ఎవరి హోదా, వృత్తి, మతం ఏదో తలపాగా చుట్టును బట్టి తెలిసిపోయే రాజ్యంలో ఉద్యోగులందరికీ ఒకే టోపీ పెట్టడం ఆ రోజుల్లో సంస్కరణ. నమాజులో నుదురు నేలకు తాకవలసి ఉన్నందువల్ల అంచు లేని టోపీ ఎంపికైందనే వివరణ ప్రసిద్ధం. కొంతకాలానికి ఈ టోపీల వ్యాపారంలో అధిక భాగం ఆస్ట్రియా సామ్రాజ్యపు కార్ఖానాల చేతిలోకి పోయింది. బొహీమియాలోని స్ట్రాకొనిత్సె పట్టణం వాటికి పేరెన్నికగన్నది. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు తుర్కులు ఆ దేశపు సరుకును బహిష్కరించగా, ఆ నిరసనలో ఫెజ్ కూడా చేరింది. చివరకు తుర్కీలో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం 1925 నవంబరులో టోపీ చట్టం చేసి ఫెజ్‌ను నిషేధించింది. పుట్టింట నిషేధానికి గురైన టోపీ హైదరాబాదులో దాదాపు మరో పాతికేళ్లు గౌరవంగా బతకడం ఈ చరిత్రలో అన్నిటికంటె విశేషమైన ఘట్టం.

ఉత్తర హిందూస్థానంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ప్రోత్సాహంతో, 1875లో మొదలైన అలీగఢ్ విద్యాలయం ద్వారా ఈ టోపీ చదువుకున్నవారి గుర్తుగా వ్యాపించింది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉండి హైదరాబాదు పరిపాలనను జిల్లాలుగా, శాఖలుగా పునర్నిర్మించడంతో చదువుకున్న ఉద్యోగుల అవసరం పెరిగి, ఉత్తరాది నుంచి అటువంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. వారి రాకతో ఆ వేషానికీ ఇక్కడ బలం చేకూరింది. అయితే దర్బారులో చెల్లినది రూమీ టోపీ కాదు. నిజాము ఎదుట నిలవాలంటే దస్తార్, అంటే ముందే చుట్టి గట్టిపరచి ఉంచిన తలపాగా, నడుముకు బుగ్లూసు అనే బిళ్లకట్టు పట్టీ తప్పనిసరి. కచేరీకీ కళాశాలకూ రూమీ టోపీ, కొలువుకూటానికి దస్తార్, ఇంటి దగ్గర మెత్తని బట్ట టోపీ అన్న విభజన ఆనాటి మర్యాద. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మాత్రం నిత్యజీవితంలో రూమీ టోపీతోనే కనిపించేవాడు. ఆయన ఇద్దరు కుమారులు 1931లో ఒట్టోమన్ రాజవంశపు కన్యలు దుర్రెషెహ్వార్, నీలోఫర్‌లను వివాహమాడారు. ఆ వధువుల దేశంలో ఆరేళ్ల ముందే చట్టవిరుద్ధమైన టోపీ హైదరాబాదులో ప్రభువు తలమీదే ఉండటం గమనించదగినది.

ఈ సీమలో నిజాము ప్రత్యక్ష పాలన కింది తాలూకాలతో పాటు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట వంటి సంస్థానాలు ఉండేవి. ఇవి నిజాముకు కప్పం కట్టి అంతరంగిక పాలనను తామే నడుపుకున్న హిందూ ప్రభువుల భూములు. నాగర్‌కర్నూలు కొంతకాలం జిల్లా కేంద్రంగా ఉండి, 1880ల ఆరంభంలో ఆ హోదాను నేటి మహబూబ్‌నగర్‌కు వదులుకుంది. 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయిన తరవాత, కచేరీలో మనగలగాలంటే భాషతో పాటు వేషమూ నేర్వవలసి వచ్చింది. వనపర్తి సంస్థానపు రాయణిపేటలో 1869లో పుట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా, అంటే పోలీసు అధిపతిగా ఉన్నాడు. ఆయన చొరవతో 1918లో నెలకొన్న రెడ్డి హాస్టల్ జిల్లాల నుంచి వచ్చిన తెలుగు విద్యార్థులకు నీడనిచ్చింది. ఆ సంవత్సరమే స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు షేర్వానీ, రూమీ టోపీ పరిచితమైన దుస్తులు. అలంపురం ప్రాంతపు ఇటికాలపాడుకు చెంది, 1896లో పుట్టి, 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర, తెలుగువారి దుస్తులను కావ్యాల ఆధారంతో కాలక్రమంలో వివరించిన మేటి గ్రంథం. తల మీది బట్ట కూడా చరిత్రకు ఆధారమేనని తెలుగు పాఠకులకు నేర్పిన ఘనత నడిగడ్డకు చెందిన ఆ పండితుడిదే.

ఇక ఈ టోపీ తయారీకి వస్తే, ఫెల్టుకు మూలం ఉన్ని వెంట్రుక నిర్మాణంలో ఉంది. ప్రతి వెంట్రుక మీదా ఒకే దిక్కుకు వాలిన సూక్ష్మమైన పొలుసులు ఉంటాయి. వేడినీటిలో సబ్బుతో తడిపి నలిపినప్పుడు ఆ పొలుసులు విచ్చుకొని, వెంట్రుకలు ఒకే దిక్కుకు జరుగుతూ ఒకదానిలో ఒకటి చిక్కుకొని, ఇక విడదీయరాని దళంగా మారుతాయి. పత్తికి ఈ గుణం లేదు. పాశ్చాత్య టోపీలకు బీవరు, కుందేలు బొచ్చును వాడేవారు. కుందేలు బొచ్చుకు ఈ గుణం చాలినంత లేనందువల్ల దాన్ని పాదరసపు లవణంతో శుద్ధిచేసేవారు. ఆ విషానికి గురై టోపీ కార్మికులు వణుకు, మతిభ్రంశాలతో బాధపడ్డారు, అమెరికాలో 1941లో గాని ఆ పద్ధతి ఆగలేదు. రూమీ టోపీ గొర్రె ఉన్నితో అయినందువల్ల దానికి పాదరసంతో పని లేదు. సంప్రదాయ పద్ధతిలో ముందుగా ఉన్ని నూలుతో తలకంటె చాలా పెద్దదైన వదులు టోపీని అల్లి, అది కుదించుకుపోయి అల్లిక కళ్లు కనిపించకుండా పోయేవరకు వేడినీటిలో మర్దిస్తారు. తరవాత ముళ్లకాయలతో దువ్వి నూగు లేపి, రంగు వేసి, సాంచా మీద ఆకారం తెస్తారు.

సాంచా అంటే టోపీ ఆకారంలో ఉండే ఇత్తడి అచ్చు. లోపల ఒకటి, పైన మరొకటిగా రెండు అచ్చుల నడుమ తడి టోపీని ఉంచి, వేడిచేసి నొక్కితే దాని గోడలు ముడత లేకుండా నిలబడతాయి. వానకు తడిసిన టోపీ వంగిపోయినప్పుడు మళ్లీ ఈ అచ్చు మీదికే ఎక్కించాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో సరిచేయబోతే గోడలు అణగి, నూగు మెరుపెక్కి, టోపీ పాడవుతుంది.

టోపీ ఎంపికలో మొదట చూడవలసినది కొలత. చెవులకు కొద్దిగా పైన, నుదుటి మధ్య నుంచి తల వెనుక ఉబ్బెత్తు భాగం మీదుగా టేపు చుట్టగా వచ్చే చుట్టుకొలతే టోపీ సైజు. పెద్దవారిలో ఇది సాధారణంగా 54 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. టోపీ వదులుగా ఉంటే తల మీద నిలవదు, బిగువుగా ఉంటే నుదుటిపై గీత పడి తలనొప్పి తెస్తుంది. లోపలి తోలు పట్టీ చర్మానికి అంతటా సమంగా ఆని, పట్టీకీ తలకూ మధ్య వేలి కొన కష్టం మీద దూరేంత సందు ఉంటే సరైన అమరిక. చెమటకు తడిసి ఆరిన ఉన్ని కొంత కుదించుకుపోతుంది కాబట్టి, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ సీమ వాతావరణానికి కొద్దిపాటి వదులే మేలు. మంచి టోపీలో ఫెల్టుకూ తలకూ మధ్య గడ్డితో అల్లిన లోపలి గోడ ఉండి గాలి ఆడనిస్తుంది. అది లేని చవక టోపీని ఎండలో ఎక్కువసేపు భరించలేము. ఎత్తు ముఖానికి తగ్గట్టు ఉండాలి: కోల ముఖానికి పొట్టిది, గుండ్రని ముఖానికి కాస్త ఎత్తైనది నప్పుతుంది. టోపీని కనుబొమల పైకి లాగకుండా, వెనక్కు జారవేయకుండా, నుదుటి పైభాగాన సమంగా ఉంచడమే నిండైన పద్ధతి.

భద్రపరచడంలో ప్రధాన శత్రువు ఉన్నిని తినే పురుగు. నూగు వాలిన దిక్కునే మెత్తని బ్రష్‌తో దుమ్ము తీసి, పూర్తిగా ఆరిన తరవాత, ఎండిన వేపాకుతోనో కలరా ఉండలతోనో పెట్టెలో ఉంచాలి. ఎండలో ఆరవేస్తే ఎరుపు వెలిసిపోతుంది.

ఈ సీమలో అత్యధికుల తల మీద రూమీ టోపీ ఎన్నడూ లేదు. పొలంలో రైతుకు తలరుమాలు, మందవెంట కాపరికి నల్లగొంగడి ఉండేవి. గొంగడి కూడా గొర్రె ఉన్ని తలకప్పే గనుక ఈ చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. దక్కనీ జాతి నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, కురుమ కుటుంబాల స్త్రీలు వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి నేసే ఈ దుప్పటి, తడుస్తూ ఆరుతూ వాడుకలో నలిగేకొద్దీ పోగులు దగ్గరై ఫెల్టు స్వభావాన్ని కొంత సంతరించుకుంటుంది. వాన పడితే దాని ఒక అంచును మడిచి తలపై ముసుగులా నిలిపే పద్ధతిని కొప్పెర అంటారు. ఆ ముసుగు తల, వీపులను కప్పుతుంది, తడిసినా వెచ్చదనం ఇస్తుంది. కొలత అవసరం లేదు, ఎవరి తలకైనా సరిపోతుంది. ఉపయోగాన్ని బట్టి చూస్తే నల్లమల అంచుల వానకూ చలికీ ఇంతకంటె మేలైన ఉన్ని తలకప్పు ఏ దేశపు కార్ఖానా చేయలేదు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెల పెంపకం వ్యాపించడం, చవక దుప్పట్లు రావడం వల్ల ఈ నేత బాగా క్షీణించింది. మిగిలిన నేతగాళ్లకు దక్కనీ మందల రక్షణే మొదటి అవసరం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయి, 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల అధికారం ముగిసిన తరవాత రూమీ టోపీ కొలువు దుస్తుగా నిలవలేదు. ఆ స్థానాన్ని ఖాదీ గాంధీ టోపీ కొంతకాలం ఆక్రమించి, క్రమంగా అందరి తలలూ ఖాళీ అయ్యాయి. వెడల్పు అంచు గల పాశ్చాత్య ఫెల్టు టోపీ ఇక్కడ ఎన్నడూ నిత్యవేషం కాలేదు. 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు మొదలైన కౌబాయ్ చిత్రాల ద్వారా తెలుగు ప్రేక్షకులకు అది వెండితెర వేషంగానే తెలుసు. రూమీ టోపీ నేడు హైదరాబాదులో కొన్ని పెళ్లిళ్లలో, వేడుకల్లో కనిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కుటుంబాల పాత ట్రంకు పెట్టెల్లో ఇటువంటి టోపీ గాని, దాన్ని ధరించిన పెద్దల ఛాయాచిత్రం గాని ఉన్నవారు దాన్ని పారవేయక, అది ఎవరిది, ఏ కొలువులో, ఏ సంవత్సరాల్లో ధరించినది అన్న వివరాలను వెనుక రాసి ఉంచాలి. ఈ సీమ దుస్తుల చరిత్రను ఇకముందు రాయబోయేవారికి అవి తప్పక కావలసిన ఆధారాలు.