షోయబుల్లాఖాన్‌ను చంపించింది ఖాసిం రజ్వీనేనా?

మూడు రోజుల నుంచి ముసురు పట్టింది, పత్తిలకు దిగేటట్టు లేదు. కూసొని రాస్తున్న, జర పొడుగయితది, ఓపికతోని చదవండి.

ఆగస్టు 22 నాడు మా ఊరి గ్రూపుల ఒక తమ్ముడు షోయబుల్లాఖాన్ ఫొటో పెట్టి "రజ్వీ చంపిండు, కోర్టేమో వదిలేసింది" అని రాసిండు. దాని కిందనే ఇంకొక తమ్ముడు "కోర్టు శిక్ష వెయ్యలేదంటే తప్పు చెయ్యనట్టే గద" అన్నడు. పొద్దుగూకే వరకు అదే లొల్లి. చాయ్ హోటల్ కాడ నన్ను పట్టుకొని "కాకా, నువ్వు పాత పుస్తకాలు చదువుతవు గద, ఎవలిది నిజం చెప్పు" అన్నరు. అక్కడ నాలుగు మాటల్ల చెప్పే ముచ్చట కాదు. నా లెక్క ఇక్కడ రాస్తున్న.

ముందుగాల ఆ మనిషి గురించి. షోయబుల్లాఖాన్ 1920ల పుట్టిండు, మానుకోట దిక్కు మనిషి. తండ్రి రైల్వే పోలీసుల నౌకరి. ఉస్మానియాల చదివిండు. ఆ చదువుకు, ఆ కాలంల మంచి సర్కారు నౌకరి దొరికేది. ఆయన పత్రికల్ల పడ్డడు. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్'ల పనిచేసిండు. రయ్యత్ అంటే రైతు. ఉర్దూ పత్రికకు మన పేరు పెట్టుకున్నరు, అది గుర్తుపెట్టుకోండి. నిజాం సర్కారు దాన్ని మూయించింది. అప్పుడు 1947 నవంబరుల 'ఇమ్రోజ్' అని సొంతంగ మొదలుపెట్టిండు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. మన పాలమూరు మనిషి బూర్గుల రామకృష్ణారావు లాంటి వాళ్లు వెనుక నిలబడి సాయం చేసిండ్రు.

ఆ పత్రికల ఆయన రాసింది ఒక్కటే మాట, మళ్ల మళ్ల రాసిండు. హైదరాబాదు ఇండియాల కలవాలె, రజాకార్ల దౌర్జన్యం ఆగాలె. ఒక హిందువు రాస్తే రజాకార్లకు అంత మంట కాకపోవు. ముసల్మాన్ అయ్యుండి, ఉర్దూల, పట్నం నడిమధ్యల కూసొని రాసిండు. ఆ ఆగస్టుల కొందరు ముస్లిం పెద్దలు కూడ యూనియన్‌ల చేరుడే మంచిదని ప్రకటన చేస్తె దాన్ని అచ్చేసిండు. బెదిరింపులు వచ్చినయి. ఆయన ఆపలేదు.

1948 ఆగస్టు 19 నాడు పట్నంల జమరూద్ మహల్ టాకీసుల మీటింగు అయింది. ఖాసిం రజ్వీ మాట్లాడిండు. లాతూరు వకీలు ఆయన, మజ్లిస్‌కు అధ్యక్షుడు, రజాకార్లకు నాయకుడు. మనకు ఎదురు లేసే చేతులు నరకబడాలె అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడిండని అప్పటి నుంచి అందరు చెప్తనే ఉన్నరు. రెండు రోజులు గడిచినయి. 21 నాడు రాత్రి షోయబుల్లాఖాన్ ఆఫీసు పని ముగించుకొని, బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తోని కాచిగూడ చప్పల్ బజార్ దిక్కు ఇంటికి నడిచి పోతున్నడు. కాపేసినోళ్లు తుపాకితోని కాల్చిండ్రు, కత్తితోని చెయ్యి నరికిండ్రు. అడ్డం పోయిన ఇస్మాయిల్‌ఖాన్ చెయ్యి కూడ పోయింది. తెల్లారకముందే షోయబుల్లాఖాన్ పానం పోయింది. ఇరువై ఎనిమిదేండ్లు కూడ నిండలే.

ఇస్మాయిల్‌ఖాన్ మాత్రం బతికిండు.

ఇగ లెక్కకు వద్దాం. రజ్వీ మీద పడే అనుమానం చిన్నది కాదు. చేతులు నరకాలె అన్నది 19 తారీకు, నిజంగనే చెయ్యి నరికింది 21 రాత్రి. ఊకె చంపాలనుకున్నోడికి తుపాకి సరిపోతది. చెయ్యి ఎందుకు నరకాలె? రాసే చెయ్యి అది. ఆ మాట విన్నోడో, ఆ మాట తెలిసినోడో చేసిన పని అని ఎవలికన్న అనిపిస్తది. పైగ ఆ పత్రికతోని నష్టం ఎవలికి? రజాకార్లకే. జిల్లాల్ల రజాకార్లు చేస్తున్న పని చూస్తే, మా నాయకుడు ఒద్దనడు అన్న ధీమా వాళ్లకు ఉండెనని తెలుస్తనే ఉన్నది.

ఇదంత కలిపితే గ్రూపుల రాసిన మొదటి తమ్ముని మాటే నిజమనిపిస్తది. నాకు కూడ చానా ఏండ్లు అట్లనే అనిపించింది. ఒక సంగతి నన్ను ఆపింది. అది చరిత్రల లేదు, మా ఊర్ల జరిగింది.

పన్నెండు పదమూడేండ్ల కింద మా దగ్గర ఒక రైతు బోరు మోటరు కేబుల్ రాత్రికి రాత్రి కోసుకపోయిండ్రు. అంతకు రెండు రోజుల ముందు ఒడ్డు పంచాయితీల పక్క చెలక ఆయన "నీ మోటరు ఎట్ల నడుస్తదో చూస్త" అని నలుగుర్ల అన్నడు. ఆ నలుగుర్ల నేనొకన్ని. పెద్దమనుషులు పిలిస్తే పోయి "అవు, నా చెవులతోని విన్న" అని చెప్పిన. నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయనకు ఎనిమిది వేలు దండుగ వేసిండ్రు, మేక పిల్లలను అమ్మి కట్టిండు. ఆరు నెలలకు వేరే మండలంల రాగి తీగ దొంగలు దొరికిండ్రు. మా ఊరి కేబుల్ గూడ మేమే కోసినమని చెప్పిండ్రు. పైసలు వాపసు ఇచ్చినం. ఆయన నాతోని మాట్లాడుతడు, మంచిగనే మాట్లాడుతడు, గాని ఇప్పటికీ నేను కూసున్న అరుగు మీద కూసోడు.

అన్న మాట నిజం, జరిగిన నష్టం నిజం, నడిమిట్ల రెండే రోజులు. అయినా మధ్యల తాడు లేదు. ఆ తాడు మేమే పేనినం.

అట్లని రజ్వీని ఆ రైతుతోని సమానంగ పెడుతున్ననని అనుకోవద్దు. అది తప్పు పోలిక అయితది. మా ఊరి ఆయన మాటకు ఆయన పెండ్లాం కూడ లేవదు. రజ్వీ మాటకు వేల మంది తుపాకులు, బరిసెలు పట్టుకొని లేస్తుండ్రి. వట్టి నోటి మాట, ఫౌజు ఉన్నోడి మాట ఒక్క తూకం తూగవు. అందుకే నేను రెండు ప్రశ్నలు వేరువేరుగ అడుగుతున్న. "ఫలానోన్ని ఫలాన రాత్రి చంపుండ్రి" అని రజ్వీ పురమాయించిండా అన్నది ఒకటి. చంపే గాలి లేపిండా అన్నది రెండోది.

మొదటిదానికి కండ్లార చూసిన సాక్షి పనికిరాడు. ఇస్మాయిల్‌ఖాన్ కత్తి పట్టినోని మొకం చూసి ఉండొచ్చు. పంపినోని మొకం ఆ గల్లీల ఉండదు గద. పంపింది రుజువు కావాలంటే లోపలి మనిషి నోరు విప్పాలె, లేకుంటే కాగితమో పైసలో దొరకాలె. ఇంకొకటి చూడండి. హత్యకు, నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17కు నడుమ నాలుగు వారాలు కూడ లేవు. ఆ నాలుగు వారాలు రాజ్యం ఎవలిది? మీర్ లాయక్ అలీ ప్రధానిగ ఉన్న సర్కారుది, రజాకార్లనే ఆసర చేసుకున్న సర్కారుది. రక్తం తడి ఆరకముందు పట్టుకోవలసిన ఆనవాళ్లు ఆ పోలీసుల చేతుల ఉండె. దుక్కి తడి మీదనే దున్నాలె, ఆరినంక గొర్రు దిగది. తప్పు రుజువు కాకపోవుడుల ఆ సర్కారుకు పెద్ద పాలు ఉన్నదని నా అభిప్రాయం.

పోలీసు చర్య అయినంక రజ్వీని పట్టుకున్నరు, కేసులు పెట్టిండ్రు. షోయబుల్లాఖాన్ హత్య కేసుల ఆయన మీద నేరం నిలబడలే. ఆయన జైలు అనుభవించింది వేరే కేసుల, మన పాత నల్లగొండ జిల్లా బీబీనగర్ కేసుల. చానా మందికి ఇది తెల్వదు. 1948 జనవరిల బీబీనగర్ స్టేషన్ల కొందరు గాంధీకి జై కొట్టిండ్రని రజాకార్లు ఊరి మీద పడి దోచుకున్నరు. ఆ దోపిడి కేసుల ప్రత్యేక ట్రిబ్యునల్ 1950 సెప్టెంబరుల రజ్వీకి ఏడేండ్ల కఠిన శిక్ష వేసింది. 1957 సెప్టెంబరుల ఇడిచిపెట్టిండ్రు. యాబైకి ఏడు కలుపుండ్రి, మీకే తెలుస్తది. ఆ ఏడేండ్లు బీబీనగర్‌వే. ఇడిచినంక పాకిస్తాన్ పోయిండు, 1970ల కరాచీల చచ్చిపోయిండు.

కాబట్టి "కోర్టు వదిలేసింది" అన్న తమ్మునిది సగమే నిజం. తొమ్మిదేండ్లు లోపలనే ఉన్నడు. "శిక్ష పడలేదు గద" అన్న తమ్మునిది కూడ సగమే.

ఇప్పుడు అసలు ఇబ్బంది ముచ్చట. ఆ ట్రిబ్యునల్ మామూలు కోర్టు కాదు. పోలీసు చర్య అయినంక మిలిటరీ గవర్నరు పెట్టించింది. మామూలు కోర్టుల కన్న విచారణ కురుచ. రజ్వీ సుప్రీంకోర్టు దాక పోయి "నన్ను అందరి లెక్క ఎందుకు విచారించలే" అని అడిగిండు. 1953 జనవరిల అయిదుగురు జడ్జీలు తీర్పు చెప్పిండ్రు. ముగ్గురు, విచారణ మొత్తం మీద సరిగనే జరిగింది, శిక్ష నిలుస్తది అన్నరు. వివియన్ బోస్, గులాం హసన్ ఇద్దరు ఒప్పుకోలే. రజ్వీ లాంటి మనిషి కేసుల, దేశమంత తిడుతున్న మనిషి కేసుల, అయిదుగుర్ల ఇద్దరు జడ్జీలు విచారణ తీరు సరిగలేదు అన్నరు. ఆయన మంచోడని వాళ్లు అనలే. అది చదివిన నాడు నాకు నిద్ర పట్టలే.

ఎందుకంటరా? అసొంటి ట్రిబ్యునళ్లే నల్లగొండ రైతులకు ఉరిశిక్షలు వేసినయి. 1949ల సాయుధ పోరాటంల దొరికినోళ్లను హత్య కేసుల్ల విచారించి ఉరి అన్నరు. మాకు వకీలును పెట్టుకునే మోక ఇయ్యలేదని వాళ్లు మొత్తుకున్నరు. జనార్దన్‌రెడ్డి మొదలైనోళ్ల పేరు మీద కేసు సుప్రీంకోర్టుకు పోయింది, ఇంగ్లండు నుంచి ప్రిట్ అనే పెద్ద బారిస్టరు వచ్చి వాదించిండు. 1951 మార్చిల అది కొట్టేసిండ్రు. తర్వాత వాళ్ల ఉరి తప్పి యావజ్జీవంగ మారింది. మనం ఆ రైతుల గురించి చెప్పుకునేటప్పుడు "అది న్యాయమైన విచారణే కాదు" అంటం. రజ్వీ కాడికి వచ్చేవరకు "ట్రిబ్యునలే తేల్చింది గద" అంటం. ఒక్కటే కాంటా మీద మనోళ్లకు ఒక రాయి, పగోనికి ఒక రాయి పెట్టి తూస్తే, మార్కెట్ యార్డుల మనలను మోసం చేసేటోనికి, మనకు తేడా ఏమున్నది?

నా తీర్పు అడిగితే చెప్త. పురమాయించిండు అన్నది రుజువు కాలే, రుజువు కాని దాన్ని అయినట్టు నేను రాయ. గాని రెండో ప్రశ్నల ఆయన తప్పించుకోలేడు. నాయకుడైనోడు వేల మంది ముందట చేతులు నరుకుడు గురించి మాట్లాడి, రెండు రోజులకు చెయ్యి తెగితే, నాకు సంబంధం లేదనుడు కుదరదు. చట్టంల పురిగొల్పుడు కూడ నేరమే, దానికీ రుజువు కావాలె. చట్టం కాడ ఆగిపోయేది ఆగిపోతది. ఊరి మనిషిగ నా లెక్క వేరే. బీబీనగర్ల ఏం జరిగిందో తెలిసినంక, నాకు తెల్వకుండ జరిగింది అన్న మాట ఆ నోట వస్తే నేను నమ్మ.

ఇంకొకటి కూడ చెప్పాలె, చెప్పకపోతే సగం దాచినట్టయితది. రజ్వీ పాపం రజ్వీతోని ఆగలే. పోలీసు చర్య అయినంక పగ తీర్చుకునుడు మొదలయింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయిండ్రని అంచనా చెప్పింది. చచ్చినోళ్లల్ల ఎక్కువ మంది ముసల్మాన్‌లు, అందుట్ల రజాకార్లకు సంబంధమే లేనోళ్లు ఎందరో. బాగ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్ల మన పక్క గుల్బర్గా ఒకటి. వాళ్లను ఏ ట్రిబ్యునల్ విచారించలే, కురుచ విచారణ కూడ దొరకలే. రజాకార్ల దౌర్జన్యాలు మనకు తెల్వనియి కావు. అంతకు ముందటేడు మన పక్కన అప్పంపల్లిల నిజాం పోలీసుల కాల్పులకు పదకొండు మంది పోయిండ్రు, ఆ ఊరోళ్లు ఇంకా యాది చేసుకుంటరు. అయితే అప్పంపల్లి బాకీ గుల్బర్గా దిక్కు గాజుల మలారం అమ్మేటోని కాడ వసూలు చేస్తే ఎట్ల తీరుతది?

గ్రూపుల ఆ పోస్టు కింద మూడో తమ్ముడు ఒకడు "వాళ్లంత అంతే" అని రాసిండు. చంపబడ్డ మనిషి పేరు షోయబుల్లాఖాన్ తమ్ముడూ. అడ్డం పోయి చెయ్యి పోగొట్టుకున్నోని పేరు ఇస్మాయిల్‌ఖాన్. ఆ పోస్టే నువ్వు మళ్ల ఒకసారి చదువు.

బూర్గుల దిక్కోళ్లు, షాద్‌నగర్, కల్వకుర్తి దిక్కోళ్లు ఎవలన్న ఉంటే, మీ ఇండ్లల్ల ముసలోళ్ల నోట ఇమ్రోజ్ గురించి, షోయబుల్లాఖాన్ గురించి విన్న ముచ్చట్లు కింద రాయండి. నేను రాసిన దాంట్ల తారీకు తప్పుంటే గూడ చెప్పండి, దిద్దుకుంట. సంగంబండ నీళ్ల ముచ్చట వచ్చే వారం రాస్త.