నెల్లూరు తీరంలో మార్పిడి మేపు
మేత నేలను భాగాలుగా విడగొట్టి, ఒకదాన్ని కొద్దిరోజులు మేపాక పశువులను మరోదానికి తోలి, మేసిన చోట గడ్డి మళ్లీ ఎదిగేదాకా అటు రానీయకపోవడం మార్పిడి మేపు. ఫ్రాన్సు శాస్త్రవేత్త, రైతు ఆంద్రే వాజాన్ 1957లో వెలువడిన గ్రంథంలో దీనికి సూత్రాలు కట్టాడు. నెల్లూరు తీరంలో మాత్రం ఇది కంచెలు లేకుండా, వరి పంట గడువులను బట్టి, కాపరి కర్ర అదుపులో సాగింది.

ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. పెన్నా కాలువల కింద, చెరువుల కింద వరి నాటితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు. కోతలయ్యాక కొయ్యకాళ్ల మధ్య మొలిచిన గడ్డికి, రాలిన గింజకు, గట్ల మీది పచ్చికకు గొర్రెల మందలు దిగుతాయి. రైతులు పిలిచి మరీ మంద కట్టించుకుంటారు. రాత్రి ఒక మడిలో నిలిపిన మంద మర్నాడు పక్క మడికి మారుతుంది. పెంట, మూత్రం పొలమంతా సమంగా పడతాయి. కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. పొలాల్లో మళ్లీ నీరు పారితే మందలు మెట్టకు మళ్లుతాయి. దేశవాళీ గొర్రె జాతుల్లో అన్నిటికంటే ఎత్తైన నెల్లూరు గొర్రెకు ఈ నడక బాగా సరిపోయింది. పల్ల, జోడిపి, బ్రౌన్ అనేవి అందులో రకాలు. మందను ఒకేచోట ఉంచకపోవడంలో ఇంకో మేలుంది. పెంటలోని పురుగు గుడ్లు పిల్లలై గడ్డి మీదికి పాకడానికి సుమారు వారం పడుతుంది. ఆలోపే మంద కదిలిపోతే కడుపు పురుగుల బెడద తగ్గుతుంది.

1855లో నెల్లూరు ఆనకట్ట వచ్చి వరి సాగుకు ఊతమిచ్చింది. అయితే 1871 పశు అతిక్రమణ చట్టంతో బందెలదొడ్లు, 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో పుల్లరి, కట్టడులు మేత దారులను ఇరుకు చేశాయి.

ఆవుల కథ సముద్రం దాటింది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే బ్రెజిల్ చేరిన ఒంగోలు జాతికి అక్కడ నెలోర్ అని పేరు. లూయిజ్ కార్లోస్ పిన్యెయిరో మచాదో ఆ దేశంలో వాజాన్ పద్ధతికి ప్రచారం చేశాడు. ఈ గడ్డ ఆవు సంతతికి దూరదేశంలో విశాలమైన పచ్చిక దొరికింది, సొంత తీరంలో మాత్రం మేత నేల తరిగిపోయింది. ఇది బాధాకరం.

1990ల్లో రొయ్యల చెరువులు తీరం వెంట పరుచుకున్నాయి. పొలాలతో పాటు మేత పోరంబోకులూ వాటి కిందికి వెళ్లాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులను కట్టడి చేసినా సాగు ఆగలేదు. 2005లో తీర జలసాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. మేపే చోట్లు తగ్గేకొద్దీ మంద అదే గట్టుకు త్వరగా తిరిగొస్తుంది, గడ్డికి కోలుకునే వ్యవధి ఉండదు. భూమి ఉన్న రైతు కంచె వేసి స్టైలో వంటి పశుగ్రాసం పెంచి వంతులుగా మేపుకోగలడు. భూమిలేని కాపరికి మిగిలింది ఊరి పోరంబోకే. దాన్ని ఆక్రమణల నుంచి కాపాడి, వంతులవారీగా కొంత భాగాన్ని మేపకుండా వదిలే కట్టుబాటు చేయగలిగేది గ్రామ పంచాయతీ.